మూడు చిల్లుల తగాదా

బుక్కరాయసముద్రం
11 ఫిబ్రవరి 2024

చిలమత్తూరు పట్టుపురుగుల సామ్రాజ్యానికి ఏలిక, నాకు చిన్నాయన, మా నాయనకు ఒకప్పుడు తమ్ముడు అయిన ఓబులేసు గారి సముఖానికి,

నేను తిప్పన్న కొడుకు శశిని. ఆనవాలు కావాలంటే, పోయిన నెల మా నాయనను పూడ్చిన రోజు గుంత పక్కన పార పట్టుకుని నిలబడిన పొడుగువాణ్ణి. నువ్వు పిడికిళ్ళతో మన్ను వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, మా ఇంట్లో కాళ్ళు కూడా కడుక్కోకుండా పోయి బస్సెక్కావు. తప్పు పట్టడం లేదు. ఆ రోజు నాకూ మాట్లాడాలని లేదు. ఇప్పటికీ పెద్దగా లేదు. ఫోన్ చేస్తే నువ్వు తీయవు. అన్నీ కలిసి ఉత్తరం అయింది.

విషయానికి వస్తాను. ఆసుపత్రిలో నాయన ఆఖరున తెలివిగా మాట్లాడింది రెండు మాటలు. ఒకటి, సెలైన్ సీసా చూపించి, "ఇది దిగేకి ఇంకా ఎంతసేపు పడతాది" అని. రెండోది, "ఆ గ్రామఫోను పెట్టె ఓబులేసుకు ఇచ్చేయి. దాని చేయి వాని దగ్గరే ఉండాది" అని. మొదటిదానికి నర్సు జవాబు చెప్పింది. రెండోది నా మీద పడింది.

ఆ పెట్టె చరిత్ర నాకు తెలిసినంత వరకు చెబుతాను, తప్పుంటే దిద్దు. ధర్మవరంలో మీ నాయన, నాకు జేజినాయన, పోయాక మీ అన్నదమ్ములకు భాగాలు పెట్టారు. మగ్గం అన్నకు, ఇల్లు తమ్మునికి. గ్రామఫోను మాత్రం ఇద్దరూ కావాలన్నారు. పంచాయితీకి కూర్చున్న పెద్దలు మహా న్యాయంగా దాన్ని కూడా రెండు చేశారు. పెట్టె అన్నకు. ముల్లు పట్టుకుని పాటల ప్లేటు మీద వాలే ఇత్తడి చేయి తమ్మునికి. ఒకరు లేకుండా ఇంకొకరు పాట వినకూడదని వాళ్ళ ఉద్దేశమట. ఇద్దరూ వినలేదు. తీర్పు సంపూర్ణంగా అమలైంది.

పెట్టె తుడిచి పెట్టాను. ఎప్పుడు తెమ్మంటావో రాయి.

నా సంగతి అడగలేదు, అయినా చెబుతాను. ఫిజిక్సులో డిగ్రీ చేసి, బోరు పాయింటు చూపించే మిషను మోసే ఉద్యోగంలో ఉన్నాను. భూమిలోకి కరెంటు పంపి నీళ్ళున్నదీ లేనిదీ రైతుకు చెబుతాం. ఎక్కువగా లేవని చెబుతాం. మొహం మార్చకుండా చెప్పడం నాకు బాగా వచ్చు.

ఇట్లు,
పెట్టెకు తాత్కాలిక ధర్మకర్త,
శశి


చిలమత్తూరు
25-2-2024

శశికి మీ చిన్నాయన రాసేది.

జాబు అందింది. నీ తెలుగు చూస్తే డిగ్రీ చదివినట్ల ఉండాది, నీ పని చూస్తే చదవనట్ల ఉండాది.

ఫోన్ తీయలేదని రాసినావు. మొదటిసారి తీసినా. నువ్వు హలో అన్యావు. మీ నాయన గొంతు మాదిరే ఉండాది నీ గొంతు. పెట్టేసినా. కాగితం మీద రాయి, అదైతే సరే.

పెట్టె నాకొద్దు. అది మా నాయన పెట్టె కాదు. నీకు చెవులు కుట్టించిన రోజు కదిరిలో సత్రం తీసుకొనింటిమి. పాట పెడదామని నేను చేయి తీసుకొని పోయినా, మీ నాయన పెట్టె తెచ్చినాడు. అంతవరకు మాకు మాటలుండె. చేయి పెట్టి చూస్తే చిల్లులు కలవలా. పెట్టెకుండే మూడు చిల్లులు ఒక తావున, చేయి పాదానికుండే మూడు చిల్లులు ఇంకో తావున. పెట్టె మార్చి వేరేది తెచ్చినావు కదా అంటి. చేయి అమ్ముకొని వేరేది తెచ్చింది నువ్వే అనె. అంతమంది ముందర నేను ఆయప్పను దొంగ అంటి. మీ అమ్మ నిన్ను ఎత్తుకొని బయటికి పోయె. మా అక్క వంటింట్లో ఉండె. ఆ పొద్దు నుంచి మాటల్లేవు. నీ చెవులు మాత్రం బాగానే మానినాయి.

ఇప్పుడు పోయేటప్పుడు ఇచ్చేయమంటే నేను చేయి జాపి తీసుకోవాల్నా. మా నాయన పెట్టెను మీ నాయన యాడ పెట్టినాడో చెప్పమను. చెప్పేకి మనిషి లేడు. సరే.

పురుగులు నాలుగో జ్వరంలో, అదే తోలు విడిచే నిద్రలో, ఉండాయి. తల ఎత్తుకొని కదలకుండా ఉంటాయి, ఆకు ముట్టవు. అందుకే ఇది రాసేకి తీరింది.

ఓబులేసు

మీ అమ్మ అన్నం తింటాందా.


బుక్కరాయసముద్రం
10 మార్చి 2024

ఘనమైన చిన్నాయనకు,

నీ ఆరోపణ అందింది. దీనిపై శాస్త్రీయ విచారణ జరిపించాలని నిర్ణయమైంది. నిర్ణయించినది నేను. విచారించేది నేను. ముద్దాయి తరఫున వాదించేది కూడా నేనే, ఎందుకంటే ముద్దాయి హాజరు కాలేడు.

మా నాయన జీవితంలో చాలా తప్పులు చేశాడు. సైకిల్ మీద చేతులు వదిలి తొక్కేవాడు. నా పదో తరగతి మార్కులు ఊరంతా ఎక్కువ చేసి చెప్పాడు. కానీ దొంగ అనే మాట నాకు కొత్త. అది నిజమో కాదో తేలాలి. అంతే నా పని.

విధానం చెబుతాను. ఫోటోలో సైజు రాదు. కాబట్టి పెట్టె పైచెక్క మీద కాగితం పరిచి పెన్సిలు రుద్దాను. చిల్లులు ఉన్నవి ఉన్నట్టు తెల్లగా అచ్చుపడ్డాయి. నడుమ పాట కిందికి దిగే పెద్ద బొక్క, చుట్టూ స్క్రూలకు మూడు చిల్లులు. ఆ కాగితం దీంతో పంపుతున్నాను, మడత పెట్టవద్దు. నేను పెట్టాను, అది వేరే సంగతి. ఇలాంటిదే ఇంకోటి నా దగ్గర ఉంచుకున్నాను. నువ్వు చేయిని తలకిందులు చేసి, పాదం మీద కాగితం పరిచి అట్లే రుద్ది పంపు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే నిజం కనపడుతుంది.

ఒక పట్టుదారం కూడా పెట్టాను. ఆ పెద్ద బొక్క నడుమ నుంచి, ప్లేటు తిరిగే నడిమి మేకు దాకా ఎంత దూరమో అంత. చేయి ఈ పెట్టెదే అయితే పాదం నుంచి ముల్లు మొన దాకా దాదాపు అంతే ఉండాలి. లేకపోతే ముల్లు పాట మొదట్లోనే ఆగుతుంది, లేదా మేకు దాటి అవతలికి పోతుంది.

ఇంకో వింత. బొక్క చుట్టూ పాలిష్ వాడిపోకుండా గుండ్రంగా ఒక మచ్చ ఉంది, టీ సాసరంత. అక్కడ ఏదో చాలా కాలం కూర్చుని లేచిపోయింది.

అమ్మ తింటోంది. సాయంత్రం నాయన తట్ట కూడా కడిగి బోర్లిస్తుంది, అందులో ఎవరూ తినకపోయినా. ఏమనాలో పుస్తకాల్లో లేదు.

ఇట్లు,
విచారణాధికారి,
శశి


చిలమత్తూరు
24-3-2024

శశికి.

ముద్దాయి అని రాసినావు. ఎవురు ముద్దాయి. చదివినాక ఒకరోజంతా నన్నే అన్యావనుకొని జాబు రాయకూడదనుకుంటి. మా ఇంటామె ఇంకోసారి చదివి, కాదులే, వాళ్ళ నాయనను అన్యాడు అనె. చనిపోయినోణ్ణి అట్ల రాస్తారా. నీకు ఎగతాళికి హద్దు లేదు.

చేయి భాగాల రోజు నుంచి మా పురుగుల షెడ్డులో మేకుకు తగిలించి ఉండాది. కదిరికి పోయొచ్చిన ఒక్కనాడు తప్ప దిగలా. మా నాయన మీద ఆన. దించి రుద్దినా. కాగితం క్యాలెండరుది, వెనక దేవుడుండాడు, తొక్కొద్దు.

చేయి పాదం చిన్నది, నిమ్మకాయ సగం కోసి బోర్లించినట్ల ఉండాది. నువ్వు రాసిన సాసరు మచ్చ దీంది కాదు. చిల్లులు కూడా దగ్గర దగ్గరగా ఉండాయి. నీ కాగితం మీద పెట్టి చూస్తి. యాడా కలవలా. కదిరిలో చూసినట్లే.

అయితే నీ దారం పెట్టి చూస్తి. పాదం నడుమ నుంచి ముల్లు దాకా సరిగ్గా సరిపోయింది. రెండుమార్లు చూస్తి. అది మాత్రం నాకు అర్థం కాలా.

చేయి కింద ఒక గుర్తు ఉండాది. తుడిస్తే గంట బొమ్మ కనపడె. మీ పెట్టెకు ఏం గుర్తుందో చూడు.

పట్టుగూళ్ళు బాగా వచ్చినాయి. మార్కెట్లో ఒకడు నీ మాదిరే మాట్లాడినాడు, కొట్టబోతి.

ఓబులేసు


బుక్కరాయసముద్రం
7 ఏప్రిల్ 2024

చిన్నాయనకు,

విచారణ ముగిసింది. తీర్పు ఇది.

పెట్టె మూత లోపల గుర్తు చూశాను. నెమలి. నీ చేయి మీద గంట. నెమలి కంపెనీ, గంట కంపెనీ ఒకటి కావు. చిల్లులు కలవవు. మచ్చ సాసరంత, నీ పాదం నిమ్మచెక్కంత, అంటే ఈ పెట్టె మీద ఇంతకు ముందు కూర్చున్నది వేరే పెద్ద పాదం చేయి. దారం సరిపోవడం యాదృచ్ఛికం. ఊళ్ళో ఇద్దరికి ఒకే సైజు చెప్పులు ఉండవా, అట్లా.

అమ్మను కూడా సాక్షిగా పిలిచాను. చెప్పింది: "నువ్వు పుట్టకముందు పెట్టెలో స్ప్రింగు తెగిందని అనంతపురానికి ఎత్తుకొని పోయినాడు. చానా దినాలు తీసుకొని రాలే." ఆ చానా దినాల్లో ఏమైందో అడిగాను. "నాకేం తెలుసప్పా, పెట్టెను పెట్టెగానే చూస్తి" అంది.

కాబట్టి మా నాయన పెట్టె మార్చాడు. మార్చింది జేజినాయన పెట్టెను. కదిరిలో నువ్వన్న మాట న్యాయమైనదే. నిరూపించడానికి మొదలుపెట్టినది ఒకటి, నిరూపించినది ఇంకొకటి. సైన్సులో ఇది మామూలే.

ఈ తీర్పు రాశాక ఏడుపు రావాలి. కాసేపు ఎదురుచూశాను. రాలేదు. అమ్మ పెడితే మారు అన్నం కూడా పెట్టించుకున్నాను. పూడ్చిన రోజు నుంచి ఇదే వరస. మా మిషను ముల్లు కదలకపోతే, నీళ్ళు లేవని వెంటనే చెప్పకు, ముందు వైరు ఊడిందేమో చూడు అంటాడు మా ఓనరు. నేను నా వైర్లు చూసుకోలేదు.

పెట్టెను ఏం చేయమంటావో నువ్వే చెప్పు. దొంగ సొత్తు మీద నాకు హక్కు లేదు.

శశి


చిలమత్తూరు
14-4-2024

శశీ,

ఇంత త్వరగా ఒప్పుకుంటావని నేను అనుకోలా. ఒప్పుకో అని అంతకాలం అడిగినా గానీ, ఒప్పుకున్యాక ఏం చేయాల్నో చూసుకోలా. నీ జాబు షెడ్డులో నిలబడి చదివితి. ఆకు వేసేది కూడా మరిచిపోతి.

నువ్వు మీ నాయనను ఎరిగినట్ల లేదు. పెట్టె మార్చేంత తెలివి ఆయప్పకు యాడిది. మగ్గం మీద పోగు తెగితే ముడి పైకి కనపడేట్ల వేస్తాండె. చిన్నప్పుడు నేను అటిక మీద బెల్లం దించితే మా నాయన అడగకముందే ఆయప్ప, నేను తినలేదు నాయనా అంటాండె. ఆయప్ప పెట్టె మార్చింటే మర్నాడే బస్సులో పక్కనున్నోనికి చెప్పుకొనింటాడు. నేను దొంగ అంటిని, నిజమే. నేను అంటిని. నువ్వెట్ల అంటావు.

తప్పు యాడో ఉండాది. కాగితాలు మళ్ళా చూడు.

ఒక సంగతి రాస్తా, పనికొస్తే చూసుకో. మా నాయన ఆ పెట్టెను మమ్మల్ని ముట్టనిస్తాండ్లా. పాట పెడితే మేము మగ్గం గుంత అవతల కూర్చొని వినాల. చేయి కింద ఎర్ర మకమల్ గుడ్డ ఉండె, అంతే కనపడతాండె. భాగాల రోజు దాన్ని విప్పింది పంచాయితీ తెచ్చిన వడ్రంగి. మేమిద్దరం ఆ పొద్దు అటు మొకం ఒకరు, ఇటు మొకం ఒకరు. ఏం విప్పినాడో చూడలా.

వాన యాడా లేదు. ఆకు ముదురుతాంది.

ఓబులేసు


బుక్కరాయసముద్రం
5 మే 2024

చిన్నాయనా,

కూర్చుని చదువు. ఆకు వేసేసి చదువు.

మొన్న ధర్మవరం పక్క పల్లెలో బోరు పాయింటు పని పడింది. లేవని చెప్పేసి, మధ్యాహ్నం మీ అక్క కదిరమ్మత్త ఇంటికి అన్నానికి పోయాను. నాయన పోయాక అత్త ఇంటికి పోవడం ఇదే. చారు పోసింది, మజ్జిగ పోసింది, నన్ను చూసి ఏమీ అనలేదు. మా వంశంలో మాట్లాడకపోవడం అందరికీ వచ్చు.

చేతులు కడుక్కోవడానికి లేచి దేవుని గూటి దగ్గర ఆగాను. ఇత్తడి కలశం ఒక చెక్క కుదురు మీద ఉంది. గుండ్రం. నడుమ బొక్క. టీ సాసరంత.

చెయ్యి చాపాను. వెనక నుంచి అత్త, "కదిలించొద్దప్పా, నీళ్ళు తొణుకుతాయి."

"ఇది యాడిది అత్తా?"

"యాడిదేంది, మీ జేజినాయనది."

కలశం దించమని బతిమాలాను. చీర కొంగు దోపుకుని దించింది. చెక్క నిండా పసుపు గట్టిపడి ఉంది. పిన్నీసుతో గీరితే మొదట మూడు చిల్లులు కనపడ్డాయి, అంచుకు దగ్గరగా. ఇంకా గీరితే లోపలి వరసలో ఇంకో మూడు. నా సంచిలో కాగితాలు రెండూ ఉన్నాయి, నువ్వు మళ్ళీ చూడమన్న రోజు నుంచి మోస్తూనే ఉన్నాను. పెట్టె కాగితం పరిచి దాని మీద చెక్క పెట్టాను. బయటి మూడు సరిగ్గా కూర్చున్నాయి. చెక్క మీద నీ క్యాలెండరు కాగితం పెట్టాను. లోపలి మూడు సరిగ్గా కూర్చున్నాయి.

అత్త నన్ను వింతగా చూస్తోంది. "ఏమప్పా, కలశం కింద బోరు పాయింటు చూస్తాండావా?"

"ఇది ఏందో నీకు తెలుసా అత్తా?"

"తెలీకేం. పెట్టె ఒక తావున కొన్యాడు, చేయి బళ్ళారి సంతలో దొరికిందని తెచ్చినాడు. ఒకదానికొకటి అతకలా. ఈ టేకు బిళ్ళ కోసి మధ్యలో పెట్టి, దీన్ని పెట్టెకు బిగించి, చేయిని దీనికి బిగించినాడు. పైన మకమల్ కప్పినాడు. చిల్లులు వేసేటప్పుడు గట్టిగా పట్టుకున్యది నేనే. ఇదో, బొటనవేలు చూడు, చిల్లు పొడిచే బర్మా జారి దిగింది."

మచ్చ చూపించింది. ఇప్పటికీ ఉంది.

"మరి నీ దగ్గరికెట్లా వచ్చింది?"

"భాగాల రోజు వడ్రంగి విప్పేటప్పుడు కింద పడె. ఇది ఎవురి భాగం అని ఒక్కరూ అడగలా. ఆడబిడ్డకు ఏమీ లేదని అప్పటికే చెప్పినారు. కొంగున వేసుకొని వచ్చేస్తి."

"కదిరిలో వాళ్ళిద్దరూ కొట్లాడుకున్నప్పుడు నువ్వు ఉన్నావు కదా అత్తా?"

"వంటింట్లో ఉంటి. అరుపులు వినపడె. దుడ్ల కాడ, బాకీల కాడ తగాదా వచ్చిందేమో అనుకుంటి. తరవాత మీ నాయనను అడిగితి, ఏంటికి మాట్లాడుకోరు మీరు అని. మొగోళ్ళ సంగతి నీకెందుకు అన్యాడు. ఓబులేసును అడిగితి. వాడూ అదే మాట అన్యాడు."

అప్పుడు చెప్పాను, తగాదా ఈ మూడు చిల్లుల మీదేనని. అత్త చాలాసేపు చెక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నన్నెవురడిగినారప్పా," అంది.

అంతే. కలశంలో నీళ్ళు తులసికి పోసి వచ్చింది.

కాబట్టి నా పాత తీర్పు కొట్టివేయడమైనది. పెట్టె జేజినాయనదే. చేయి జేజినాయనదే. నెమలిని, గంటను కలిపింది ఆయనే, దారం సరిపోయింది అందుకే. మా నాయన దొంగ కాదు. నువ్వూ కాదు. నా సైన్సు ఇద్దరినీ కలపగలిగే మూడోది ఉంటుందని అనుకోలేదు, అది నా మార్కుల్లో తీసేయవచ్చు.

సంతోషించాలి కదా. బస్సులో వస్తూ ప్రయత్నించాను. కిటికీ పక్కన ఎండిన శెనగ చేలు పోతూ ఉన్నాయి. నాయనకు చెబితే ఏమంటాడో అనుకున్నాను. ఏమంటాడో తెలుసు, కానీ ఆయన గొంతు గుర్తు రాలేదు.

శశి


చిలమత్తూరు
19-5-2024

శశీ,

జాబు అందింది. మా ఇంటామె చదివి వినిపించె, తరవాత నేను చదివితి.

పెట్టె మీ నాయనది, చేయి నాది, బిళ్ళ అక్కది. మూడూ అక్క ఇంట్లో ఉండనీ. మీ నాయన నాకు ఇమ్మన్యాడు కదా అని నువ్వు లా పాయింటు మాట్లాడొద్దు. నాకిచ్చినట్లే, నేను అక్కకు ఇచ్చినట్లే. భాగాల్లో ఆయమ్మకు ఏమీ పెట్టలా మేము. పెట్టెను నువ్వు ధర్మవరం చేర్చు. చేయి నేను తెస్తా. పురుగులు గూటికెక్కినాక బయలుదేరతా.

దానికి ముందర ఒక పని ఉండాది. అంతమంది ముందర ఒక మాట అంటి. అది వెనక్కి తీసుకోవాల. అక్కకైతే ఎదురుగా కూర్చొని చెప్తా, తిడితే పడతా. మీ నాయనకు యాడ చెప్పాల. పూడ్చిన పొద్దు అందరూ ముందర పోతాంటే వెనకాల నడిచినా, తల ఎత్తలా, దోవ చూడలా. మనుషుల్ని అడుక్కుంటా పోలేను.

దోవ రాసి పంపు.

ఓబులేసు


బుక్కరాయసముద్రం
26 మే 2024

చిన్నాయనకు,

దోవ ఇది.

అనంతపురంలో మా ఊరి బస్సెక్కి, చెరువు కట్ట దగ్గర దింపమని ముందే చెప్పు. చెరువులో ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి, గుర్తు తప్పదు. కట్ట దిగితే కంపచెట్ల నడుమ కాలిదోవ ఉంటుంది. పంచెకు ముళ్ళు తగులుకుంటాయి, ప్యాంటు వేసుకుని రా. మొదట సిమెంటు కట్టినవి, పేర్లు చెక్కినవి వస్తాయి. వాటిని దాటిపో. ఆఖరున, ఒక మోటు వేపమొక్కకు ఈ పక్క, పేరు లేని మట్టి దిబ్బ. అదే.

రాయి ఇంకా వేయించలేదు. దిబ్బ కుంగాక వేయాలంటారు. కుంగడానికి వాన పడాలి. పడలేదు. అందుకని ఆ రోజు పోసింది పోసినట్టే ఉంది. నువ్వు వేసిన మన్ను కూడా పైన ఎక్కడో ఉంటుంది.

ఏమీ తేవద్దు. అగరొత్తులు గాలికి నిలవవు.

పెట్టె ధర్మవరం చేరింది. అత్త బిళ్ళకు పసుపు కడిగి, నీడన ఆరబెట్టింది. కలశానికి వేరే కుదురు చూసుకుంది. చేయి రానీ, చూద్దాం అంది. అమ్మ నిన్న నాయన తట్ట తీసి అందులో తాను తిన్నది.

నేను నీతో దిబ్బ దాకా రాను. పక్కన నేను గొంతు విప్పితే నీకు కష్టం. కట్ట మీద బండి పెట్టుకుని ఉంటాను, అక్కడి నుంచి ఇద్దరం ధర్మవరం పోదాం. నీ మాట చెప్పడం అయినాక నాకు ఫోన్ చెయ్యి.

నేను హలో అంటాను. ఈసారి పెట్టేయవద్దు.

శశి